సంగీత సందేహాలు: ఒకే కీర్తన, రెండు మందిరాలు

పోయిన సంచికలో సంగీతకర్త హాండెల్ గురించి రాస్తూ, ఆయన ‘మెస్సయా’లో పాడే మాటల్లో ఎక్కువ భాగం పాత నిబంధనవే, అంటే యూదుల గ్రంథంలోవే అని ఒక వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యం పట్టుకుని టెక్కలి నుంచి బొబ్బిలి దాకా ఉత్తరాలు రాశారు. చాలా సంతోషం. ఈసారి పేజీలన్నీ వాటికే ఇస్తున్నాను. వీణ తీగల గురించి, హార్మోనియం రిపేరు గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా మనవడికి పదకొండేళ్లు. న్యూజెర్సీలో చర్చి క్వయర్‌లో పాడతాడు. ఇప్పుడు వాళ్ల ఊరి సినగాగు (యూదుల ప్రార్థనా మందిరం) క్వయర్‌తో కలిసి కచేరీ పెడుతున్నారట. మావాడికి సోలో ఇచ్చారు. 23వ కీర్తనే గానీ హీబ్రూలో పాడాలట. రాసినాయన బెర్న్‌స్టైన్ అనే యూదుడట. ఫోన్లో కొంచెం పాడి వినిపించాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ గొంతు మాత్రం బాగుంది. చర్చి పిల్లాడు యూదుల పాట పాడటం ఏమిటి? నేను సరే అనాలా, వద్దనాలా? - రిటైర్డ్ హెడ్మాస్టారు, టెక్కలి

జవాబు: మాస్టారూ, సరే అనండి. ఆ సోలో అందరికీ ఇచ్చేది కాదు. 23వ కీర్తన, బెర్న్‌స్టైన్, అబ్బాయి గొంతు అన్నారు కాబట్టి అది ‘చిచెస్టర్ సామ్స్’లో రెండో భాగం. ఆ సోలో అబ్బాయి గానీ, ఆడగొంతు స్థాయిలో పాడే మగవాళ్లు గానీ పాడాలని, ఆడవాళ్లు పాడకూడదని లియోనార్డ్ బెర్న్‌స్టైన్ స్కోరులోనే రాసి పెట్టారు. గొర్రెల కాపరి దావీదు చిన్నవాడుగా ఉన్నప్పటి గొంతు వినబడాలన్నది ఆయన ఆలోచన అని నాకనిపిస్తుంది.

ఇక యూదుల పాట చర్చిలో ఏమిటన్న సంగతి. ఆ పాట రాయించిందే చర్చి. ఇంగ్లాండు దక్షిణాన చిచెస్టర్ అనే ఊళ్లో పెద్ద కథీడ్రల్ ఉంది. దాని పెద్ద పాస్టరు (డీన్) వాల్టర్ హస్సీ చిత్రకారుల చేత, సంగీతకారుల చేత చర్చికి కొత్త పనులు చేయించడం బాగా ఇష్టపడే మనిషి. చిచెస్టర్, వించెస్టర్, సాలిస్‌బరీ కథీడ్రళ్ల క్వయర్లు మూడూ కలిసి ఏటా జరుపుకునే ఉత్సవానికి ఏదైనా రాసి ఇమ్మని ఆయన న్యూయార్క్‌లో ఉన్న బెర్న్‌స్టైన్‌ని అడిగారు. పైగా మీ సంగీత నాటకం ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ ఛాయలు కాస్త కనిపించినా మాకు ఆనందమే అని కూడా రాశారు. బెర్న్‌స్టైన్ 1965లో రాసి ఇచ్చారు. ఆ జులైలో ముందు న్యూయార్క్‌లో, అదే నెల 31న చిచెస్టర్‌లో పాడారు.

ఇందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. చర్చి అడిగింది కదా అని ఆయన కీర్తనల్ని లాటిన్‌లోనో ఇంగ్లిష్‌లోనో పెట్టలేదు. హీబ్రూలోనే పెట్టారు. తెల్ల అంగీలు తొడుక్కున్న ఇంగ్లిష్ పిల్లలు దావీదు భాషలో పాడారు. హిట్లర్ చేసిన ఘోరం ముగిసి అప్పటికి సరిగ్గా ఇరవై ఏళ్లు. యూరప్‌లో ఎన్ని సినగాగులు బూడిదైపోయాయో తెలిసిన వాళ్లు ఆ రోజు ఆ బల్లల మీద కూర్చుని విన్నారు.

మీ మనవడు పాడే భాగం ఇలా నడుస్తుంది. హార్ప్ మెల్లగా మొదలవుతుంది, దాని మీద ఒక్క అబ్బాయి గొంతు: ‘అదోనాయ్ రోయీ, లో ఎఖ్సార్’. మనకు నోటికి వచ్చిన ‘యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు’ ఇదే. తర్వాత ఆడగొంతులు అందుకుంటాయి. అంతా ప్రశాంతంగా సాగుతుండగా మగవాళ్లు ఒక్కసారిగా వచ్చి పడతారు. అది రెండో కీర్తన, ‘అన్యజనులు ఏల అల్లరి రేపుచున్నారు?’ ఆ బాణీ ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ కోసం రాసి వాడకుండా పక్కన పెట్టిందే. హస్సీ గారి కోరిక అలా తీరింది. ఆ గొడవ మధ్యలో ఆడగొంతులు మళ్లీ కాపరి పాట ఎత్తుకుంటాయి. మగవాళ్లు పూర్తిగా ఆగిపోరు, అడుగున గొణుగుతూనే ఉంటారు. చివర్లో అబ్బాయి గొంతు మళ్లీ వస్తుంది. మీరు వీడియో కాల్‌లో వింటున్నప్పుడు ఆ చోట చెవి పెట్టండి. యుద్ధం పోలేదు, పాట కూడా పోలేదు. రెండూ ఉన్నాయి.

మొదటి భాగం వందో కీర్తన, ఏడు దెబ్బల లెక్క మీద పరిగెడుతుంది. మీకు మిశ్రచాపు అలవాటుంటే తొడ మీద వేసుకుంటూ వినొచ్చు, అయితే విరుపులు అన్నిచోట్లా మనవాటిలా ఉండవు. చివర్లో క్వయర్ ఒక్కటే, వాద్యం లేకుండా, 133వ కీర్తన మొదటి వచనం పాడుతుంది: ‘సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు, ఎంత మనోహరము.’ మొత్తం ఇరవై నిమిషాల లోపే.

ఒక పని చేయండి. కచేరీకి ముందు వాడి చేత ఆ హీబ్రూ ఒక్కో ముక్క చెప్పించుకుని, మీరు తెలుగులో అదే వచనం చెప్పండి. వాడికి పాడే మాటకు అర్థం తెలిస్తే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుస్తుంది. హీబ్రూలో పాడితే ప్రార్థన మారిపోతుందన్న భయం పెట్టుకోకండి. యేసు ప్రభువు చిన్నప్పుడు నేర్చుకున్న కీర్తన కూడా ఆ భాషలోదే.

ప్రశ్న: మా చర్చిలో పాత ఇంగ్లిష్ పాటల పుస్తకం ఉంది. ‘ద గాడ్ ఆఫ్ అబ్రహామ్ ప్రైజ్’ అనే పాట మీద బాణీ పేరు ‘లియోని’ అని ఉంది. ఎవరీయన? - ఆర్గన్ వాయించే అమ్మాయి, విజయనగరం కంటోన్మెంట్

జవాబు: లండన్ గ్రేట్ సినగాగులో గాయకుడమ్మా. అసలు పేరు మేయర్ లయన్, రంగస్థలం మీద లియోని అని పిలిచేవారు. 1770 ప్రాంతంలో థామస్ ఆలివర్స్ అనే మెథడిస్టు బోధకుడు ఆ సినగాగుకు వెళ్లి, ఆయన ‘యిగ్దల్’ పాడుతుంటే విన్నాడు. యూదుల విశ్వాసానికి మధ్యయుగపు పండితుడు మైమోనిడిస్ చెప్పిన పదమూడు మూలసూత్రాలను పాటగా కట్టినదే యిగ్దల్. ఆలివర్స్‌కు ఆ బాణీ వదల్లేదు. దానికి సరిపోయేలా క్రైస్తవ పాట రాసి, బాణీకి ఆ గాయకుడి పేరే పెట్టాడు. ఎక్కడ విన్నాడో దాచుకోలేదు చూడండి, అది నాకెంతో గౌరవంగా అనిపిస్తుంది. మైనర్ స్కేలు, మన నటభైరవికి దగ్గరగా ఉంటుంది. మీ ఆర్గన్ మీద మరీ నిదానంగా లాగకండి, నడక ఉన్న బాణీ అది.

ప్రశ్న: చర్చిలో లాటిన్ మాటలతో పాడే పాత గ్రెగోరియన్ గానం సినగాగు నుంచే వచ్చిందని మా సీనియర్ అంటున్నాడు. నిజమేనా మేడమ్? - సంగీత కళాశాల విద్యార్థి, విజయనగరం

జవాబు: బాబూ, నేనూ ఆ కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నదాన్నే. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాళ్లుగా ఉన్న చోట కూర్చుని ఇలాంటి ప్రశ్న అడగడం ముచ్చటగా ఉంది.

మీ సీనియర్ చెప్పింది ఒకప్పుడు పండితులు గట్టిగా నమ్మిన మాట. ఇడెల్సన్ అనే ఆయన 20వ శతాబ్దం మొదట్లో యెరూషలేములో ఉండి యెమెన్ యూదుల పాటలు రికార్డు చేసి, నొటేషన్ రాసి, వాటిలో కొన్నింటికీ గ్రెగోరియన్ బాణీలకూ పోలికలు చూపించాడు. ఆ తర్వాత ఎరిక్ వెర్నర్ 1959లో ‘ద సేక్రెడ్ బ్రిడ్జ్’ అని పెద్ద పుస్తకమే రాశాడు. వాళ్లు చూపించే ఉదాహరణల్లో అందమైనది 114వ కీర్తన, ‘ఐగుప్తులోనుండి ఇశ్రాయేలు’ అని మొదలయ్యేది. లాటిన్ చర్చిలో దాన్ని పాడే పద్ధతికి ‘టోనస్ పెరెగ్రీనస్’ అని పేరు. మామూలుగా కీర్తన పాడేటప్పుడు వచనమంతా ఒకే స్వరం మీద పలుకుతారు. ఇందులో మాత్రం వచనంలో మొదటి సగం ఒక స్వరం మీద, రెండో సగం దానికి ఒక మెట్టు దిగువన. యూదులు పస్కా పండుగ రాత్రి 113 నుంచి 118 దాకా కీర్తనలు పాడతారు, హల్లేల్ అంటారు వాటిని. అందులోదే ఈ 114. మత్తయి 26:30లో ‘కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లిరి’ అని ఉంది కదా, అది ఈ హల్లేలే అని చాలామంది అభిప్రాయం.

అయితే 1980లలో జేమ్స్ మెక్‌కిన్నన్ లాంటివాళ్లు వచ్చి, అసలు ఆ కాలంలో సినగాగుల్లో కీర్తనలు పాడేవారనడానికి సాక్ష్యం ఏదీ అని అడిగారు. యెరూషలేము దేవాలయంలో లేవీయులు (అక్కడి సేవకులు) వాద్యాలతో పాడేవారన్నది నిజం. క్రీ.శ. 70లో రోమన్లు దాన్ని పడగొట్టారు, ఆ దుఃఖంతో యూదులు ఆరాధనలో వాద్యాలు పక్కన పెట్టారు. సినగాగు అప్పట్లో ప్రధానంగా గ్రంథం చదివి వినే చోటు. కాబట్టి కన్నతల్లి, బిడ్డ అనే వరస కన్నా, ఒకే ఇంట్లో పెరిగి వేరుపడ్డ అక్కచెల్లెళ్ల వరస వీటికి బాగా కుదురుతుంది.

బాణీల సంగతి తేలకపోయినా మాటల సంగతి తేలినట్టే. యెషయా 6వ అధ్యాయంలో దేవదూతలు పలికిన ‘పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు’ అన్నది సినగాగులో నిలబడి పాడతారు, చర్చిలో బల్లారాధనలో పాడతారు. పరీక్షలో రాయాల్సి వస్తే దీనితో మొదలుపెట్టు.

ప్రశ్న: మేము రెండు మూడు సంఘాల యువకులం కలిసి క్వయర్ నడుపుతున్నాం, ముప్ఫై మందిమి. ఈసారి యూదుల పాటలు, క్రైస్తవ పాటలు కలిపి ‘కీర్తనల సాయంత్రం’ అనుకున్నాం. పెద్దలు ఒప్పుకోవడం లేదు. ‘యూదా మతంలోకి పోతారా’ అంటున్నారు. ఒకాయన ‘వాళ్లు మన పాటలు పాడతారా, మనమెందుకు పాడాలి’ అన్నారు. ఏం చెప్పాలి? ఏ పాటలు ఎంచుకోవాలి? - క్వయర్ లీడర్, బొబ్బిలి

జవాబు: రెండో పెద్దాయనకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఆ ప్రశ్న నన్ను కదిలించింది.

చెక్ దేశంలో తెరెజీన్ అనే ఊరిని నాజీలు యూదుల బందీఖానాగా మార్చారు. అందులో రఫాయెల్ షెక్టర్ అనే యువ సంగీత కండక్టర్ ఉన్నాడు. అతను 1943లో తోటి ఖైదీలను పోగుచేసి ఇటలీ సంగీతకర్త వెర్డీ రాసిన ‘రెక్వియమ్’ నేర్పడం మొదలుపెట్టాడు. అది చనిపోయినవారి కోసం కాథలిక్కులు చేసే లాటిన్ పూజ. పగలంతా పని, అరకొర తిండి, రాత్రి నేలమాళిగలో ప్రాక్టీసు. అందరికీ కాపీలు లేవు కాబట్టి విని, నోటికి నేర్చుకున్నారు. అక్కడి యూదు పెద్దలు కూడా మీ పెద్దల్లాగే అడ్డం చెప్పారు, యూదులమై ఉండి కాథలిక్ పాట ఏమిటని. షెక్టర్ వినలేదు. క్వయర్‌లో చాలామందిని రైళ్లెక్కించి తూర్పున ఉన్న చావు శిబిరాలకు పంపేశారు. మళ్లీ కొత్తవాళ్లను పోగుచేసి మొదటి నుంచి నేర్పాడు. అలా పదహారు సార్లు పాడారు. చివరిసారి 1944 జూన్‌లో, రెడ్‌క్రాస్ వాళ్లు చూడ్డానికి వచ్చినప్పుడు, నాజీ అధికారుల ఎదుట. ఆ పాటలో తీర్పుదినం గురించి, దాచినదంతా బయటపడుతుందని, శిక్ష తప్పించుకునేది ఏదీ ఉండదని ఉంటుంది. ఆ అధికారుల ముఖాల మీదే ఆ మాటలు పాడారు. అక్టోబరులో షెక్టర్‌నీ ఆష్విట్జ్‌కు పంపారు. యుద్ధం ముగిసేదాకా అతను బతకలేదు.

వాళ్లు మన పాటలు పాడతారా అన్న పెద్దాయనకు ఇది చదివి వినిపించండి.

ఇక మతం మారిపోతామన్న భయానికి ఇంకో రెండు సంగతులు చెప్పండి. ఇటలీలో మంటువా అనే ఊళ్లో గొంజాగా ప్రభువుల ఆస్థానంలో సాలమోనె రొస్సీ అనే యూదు వయొలినిస్టు ఉండేవాడు. నాకు ఆయన మీద ప్రత్యేకమైన ప్రేమ, వయొలిన్ కోసం రాసిన తొలితరం వాళ్లలో ఆయన ఒకడు. చర్చిల్లోనూ దర్బారులోనూ వినే నాలుగు గొంతుల, ఐదు గొంతుల పద్ధతిని ఆయన సినగాగు ప్రార్థనకు తెచ్చాడు. 1620లలో వెనిస్‌లో అచ్చయిన ఆ పుస్తకంలో 33 పాటలు, మూడు గొంతుల నుంచి ఎనిమిది గొంతుల దాకా. అచ్చు వేసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. స్వరాలు ఎడమ నుంచి కుడికి, హీబ్రూ కుడి నుంచి ఎడమకి. హీబ్రూ మాటను తిరగరాయలేదు, ఉన్నట్టే ఉంచారు. పాడేవాడి కన్ను స్వరంతో ఇటు, మాటతో అటు పోవాలి! ఇది మన పద్ధతి కాదని అభ్యంతరాలు వస్తే, వెనిస్ రబ్బీ (యూదు మతగురువు) లియోనె మోడెనా ఆయన పక్షాన నిలబడి రాశాడు. ఆ పాటలు పాడి ఎవరూ క్రైస్తవులైపోలేదు.

రెండోది వియన్నా సంగీతకర్త షూబర్ట్ సంగతి. వియన్నా సినగాగు ప్రధాన గాయకుడు సాలమోన్ సుల్జర్ కోరితే, కాథలిక్ అయిన షూబర్ట్ 92వ కీర్తనకు, యూదులు సబ్బాతు (శనివారపు విశ్రాంతి) రోజు పాడుకునే కీర్తనకు, హీబ్రూ మాటల మీదే సంగీతం కట్టాడు. 1828 జులైలో. ఆ నవంబరులో ఆయన చనిపోయాడు, ముప్ఫై ఒక్క ఏళ్లకే.

మన సంగతి కూడా చూడండి. గంజాం వైపు మనిషి పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) క్రీస్తు పాటల్ని రాగతాళాలతో కీర్తనలుగా రాశారు. మీ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాట పైన రాగం, తాళం ఉంటాయి. మీ పెద్దలు కళ్లు మూసుకుని పాడే పాటల మూస ఏ సంప్రదాయానిదో వాళ్లకు తెలుసు.

పాటల ఎంపిక. బెర్న్‌స్టైన్ జోలికి ఇప్పుడే పోవద్దు. కష్టం, పైగా హక్కులున్నాయి, స్కోరు కొనాలి. లెవాండోవ్‌స్కీ అని బెర్లిన్ సినగాగులో క్వయర్ నడిపినాయన, 1894లో పోయాడు. ఆయన 150వ కీర్తన ‘హల్లెలూయా’తో మొదలుపెట్టండి. నాలుగు పార్టులు దాదాపు కలిసే నడుస్తాయి, ధైర్యమొస్తుంది. తర్వాత రొస్సీలో మూడు గొంతుల పాట ఒకటి. బాస్ పాడేవాళ్లు బాగా ఉంటే షూబర్ట్, దాంట్లో సోలో బారిటోన్ (మగవాళ్ల మధ్యస్థాయి గొంతు). క్రైస్తవ వైపు నుంచి జర్మన్ సంగీతకర్త మెండెల్‌సన్ ‘ఏలీయా’లో ఒక కోరస్, ఇంగ్లిష్ మాటలతోనే దొరుకుతుంది. 1846లో బర్మింగ్‌హామ్‌లో మొదటిసారి పాడింది కూడా ఇంగ్లిష్‌లోనే. అది అయ్యాక చౌదరి గారి కీర్తన ఒకటి, మీ ఊరి వీణతో. పనస చెక్కతో ఏకాండీగా వీణ చేసే గొల్లపల్లి పక్కన ఉండి కీబోర్డు వెనక దాక్కోవద్దు. చివర ‘హినే మా తోవ్’, 133వ కీర్తన, ఒకరి వెనక ఒకరు అందుకుంటూ పాడే బాణీ. పిల్లలు కూడా ఒక సాయంత్రంలో నేర్చుకుంటారు.

ఉచ్చారణ గురించి. హీబ్రూలో గొంతు లోపల రాపిడితో వచ్చే శబ్దం ఒకటుంది, తెలుగులో ‘ఖ’ అని రాసుకుంటాం గానీ అది పూర్తి ఖ కాదు, పెదవి దాటకుండా గరగరలాడాలి. ‘అఖీమ్’ అన్న మాట పది సార్లు మెల్లగా పలికించండి. ఇంకొకటి ముఖ్యం. మన బైబిల్లో ‘యెహోవా’ అని చదవడం మనకు అలవాటు. యూదులు ఆ నామం నోటితో పలకరు, ఆ చోట ‘అదోనాయ్’ అంటారు. హీబ్రూ పాటలో మీరూ ‘అదోనాయ్’ అనే పాడండి. తెలుగు పాటలో తెలుగు బైబిలు మాటే ఉండనివ్వండి. ఆ తేడా ఎందుకో పాటకు ముందు ఒక్క వాక్యంలో జనానికి చెప్పండి. టోపీలు, శాలువాలు వేసి పిల్లలను యూదుల్లా అలంకరించడం మాత్రం వద్దు. ప్రార్థన వస్త్రం నాటకం సామాను కాదు.

ప్రశ్న: గుడ్ ఫ్రైడేకి మా సండేస్కూలు పిల్లలతో పాట, నాటిక వేయిస్తాం. పాటలో యూదులను దుర్మార్గులని తిట్టే చరణం ఉంది. ఈసారి ప్రాక్టీసులో ఏడేళ్ల పాప నన్ను అడిగింది, ‘టీచర్, యూదులు ఇంకా ఉన్నారా? మనల్ని కూడా కొడతారా?’ అని. ఏం చెప్పాలో తోచక తల నిమిరి ఊరుకున్నాను. ఆ చరణం తీసేస్తే బైబిలుకు వ్యతిరేకమవుతుందా? - సండేస్కూలు టీచరు, శ్రీకాకుళం

జవాబు: తీసేయండమ్మా. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నేను మళ్లీ మళ్లీ చదివింది మీదే.

ఆ పాపకు చెప్పాల్సింది ఇది: యేసు యూదుడు. మరియమ్మ యూదురాలు. పేతురు, యోహాను, సిలువ దగ్గర ఏడ్చిన ఆడవాళ్లు, అందరూ యూదులే. సిలువ వేయడం రోమన్ల శిక్ష, ఆజ్ఞ ఇచ్చింది రోమన్ అధికారి పిలాతు. కేకలు వేసిన గుంపు ఆ రోజు అక్కడున్న గుంపే గానీ ఒక జాతి మొత్తం కాదు. యూరప్‌లో వందల ఏళ్ల పాటు శ్రమవారం వస్తే యూదులు తలుపులేసుకుని ఇళ్లల్లో ఉండేవారు, చర్చి నుంచి బయటికొచ్చిన జనం ఎక్కడ మీద పడతారోనని. పాటలు, నాటకాలు ఆ కోపాన్ని పెంచాయి. అందుకే ఇది చిన్న విషయం కాదు. 1965 అక్టోబర్ 28న కాథలిక్ సంఘం ‘నోస్ట్రా ఏటేట్’ అనే ప్రకటనలో, క్రీస్తు శ్రమల నేరాన్ని అప్పటి యూదులందరి మీదా గానీ, ఇప్పటి యూదుల మీద గానీ మోపకూడదని తేల్చి చెప్పింది. పైన టెక్కలి మాస్టారి మనవడి పాట చిచెస్టర్‌లో పాడి అప్పటికి మూడు నెలలే.

సంగీతంలో ఈ చిక్కు పెద్దవాళ్లకూ ఉంది. జర్మన్ సంగీతకర్త బాఖ్ 1724 గుడ్ ఫ్రైడేకి లైప్‌జిగ్‌లో పాడించిన ‘యోహాను శ్రమలు’లో గుంపు పాడే కోరస్‌లు ఎంత ఉధృతంగా ఉంటాయంటే, వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ గుంపును యూదులనే పిలుస్తుంది పాట. ఇప్పుడు చాలా క్వయర్లు దాన్ని పాడే ముందు ఈ చరిత్ర చెప్పి, ఆ తర్వాతే పాడుతున్నాయి. నాకు అది సరైన పద్ధతిగా తోస్తుంది. బాఖ్ దగ్గరే మీకు పనికొచ్చే మార్గం కూడా ఉంది. ఆయన ‘మత్తయి శ్రమలు’లో, మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని ప్రభువు అనగానే శిష్యులు ‘ప్రభువా, నేనా?’ అని అడుగుతారు. ‘ప్రభువా’ అన్న పిలుపు లెక్కపెడితే పదకొండు సార్లు వినిపిస్తుంది, యూదా తప్ప మిగతా పదకొండు మంది. వెంటనే, ఒక్క క్షణం ఆగకుండా, సంఘమంతా ఎరిగిన కీర్తన బాణీలో కోరస్ జవాబిస్తుంది: ‘నేనే, శిక్ష పడాల్సింది నాకే.’ వేలు బయటికి చూపించకుండా పాడేవాళ్ల వైపే తిప్పాడు.

ఆ ‘మత్తయి శ్రమలు’ బాఖ్ తర్వాత దాదాపు మరుగున పడిపోతే 1829లో బెర్లిన్‌లో మళ్లీ పాడించింది ఇరవై ఏళ్ల మెండెల్‌సన్. పుట్టుకతో యూదుడు, చిన్నప్పుడే ప్రొటెస్టెంటు బాప్తిస్మం ఇప్పించారు. అతనికి ఆ స్కోరు రాయించి కానుకగా ఇచ్చింది అమ్మమ్మ బెల్లా సాలమన్. ఆమె చివరిదాకా యూదు ఆచారంలోనే ఉంది.

మీ నాటికకు ఇలా చేయండి. గుంపు మాటలు ఒక వరస పిల్లలకు ఇవ్వొద్దు. కూర్చున్న పెద్దలందరి చేత అనిపించండి, పాస్టరు గారితో సహా. తిట్టే చరణం చోట ‘ప్రభువా, నేనా?’ అన్న మాటను చిన్న పల్లవిగా కట్టండి, మూడు స్వరాలు చాలు. పిల్లలు అడగాలి, పెద్దలు ‘నేనే’ అనాలి. రోమన్ సైనికుల వేషాలు ఉండనివ్వండి. పెట్టుడు గడ్డాలు మాత్రం అందరికీ పెట్టండి, లేదా ఎవరికీ పెట్టకండి. ఆ కాలంలో శిష్యులకూ గడ్డాలే కదా.

ప్రశ్న: మన తెలుగువాళ్లలో యూదులున్నారా? - పలాస

జవాబు: ఉన్నారు. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. తెలుగు మాట్లాడుతూ సబ్బాతు పాటిస్తారు, సినగాగు కట్టుకున్నారు. కేరళలో కొచ్చి సినగాగు 1568 నాటిది. అక్కడి యూదు ఆడవాళ్లు మలయాళంలో పాటలు కట్టి నోటుపుస్తకాల్లో రాసుకుని తరతరాలుగా పాడారు. చూడాలనుకుంటే శనివారం ఫోటోల కోసం వెళ్లకండి, అది వాళ్ల విశ్రాంతి రోజు.

ప్రశ్న: నేను హరికథ చెప్తాను. మా ఊరి చర్చివాళ్లు క్రిస్మస్‌కి యోసేపు కథ చెప్పమన్నారు. పాత నిబంధన కథ హరికథలో పెట్టొచ్చా? ఎవరైనా చేశారా? - చీపురుపల్లి

జవాబు: భాగవతార్ గారూ, మీరడిగిన పని కొంకణ తీరపు యూదులు ఎప్పుడో చేశారు. బెనె ఇజ్రాయెల్ అంటారు వాళ్లను, మరాఠీ మాట్లాడతారు. చుట్టుపక్కల హిందూ కీర్తనకారులు కథ చెప్తుంటే చూసి, 19వ శతాబ్దం చివర్లో అదే పద్ధతిలో అబ్రాహాము కథ, యోసేపు కథ, మోషే కథ మరాఠీ కీర్తనలుగా కట్టుకున్నారు. కథ యూదులది, భాష మరాఠీ, నడక మన హరికథకు అన్నదమ్ముల వరస. ఆదిభట్ల నారాయణదాసు గారి జిల్లాలో ఉండి మీరు వెనకాడటం ఎందుకు?

క్రిస్మస్‌కి యోసేపు అన్నారు కాబట్టి వాళ్లను ఒకసారి అడగండి, మరియమ్మ భర్త యోసేపా, ఐగుప్తు యోసేపా అని. పాత నిబంధన అయితే రెండో ఆయనే. ఆ కథలో రంగురంగుల అంగీ ఘట్టం మోహనలో హుషారుగా ఎత్తుకోండి. గోతిలో పడేసిన చోట ముఖారి. అన్నలు ధాన్యం కోసం వచ్చి తమ్ముణ్ని గుర్తుపట్టని చోట మాటలు ఎక్కువ పెట్టి పాట తగ్గించండి, జనం అక్కడ కథ కోసం ఎదురుచూస్తారు. ‘నేను యోసేపును’ అని చెప్పుకునే చోట తాళం ఆపేసి పద్యం అందుకోండి. మృదంగం ఆయనకు ముందే చెప్పి పెట్టండి, లేకపోతే అలవాటు కొద్దీ ముక్తాయింపు వేసేస్తారు.